చూశాను, బాగుంది

“...అంటే బుధవారం వచ్చిన వెబ్‌సైట్ సవరణను శనివారం దాకా నానబెట్టావన్నమాట.”

“నానబెట్టలేదు తల్లీ. వచ్చిన పూటే నొక్కాను. మంచు చెక్కే బండి మధ్యలో ఆపి మరీ వచ్చి నొక్కాను.”

“నొక్కితే మన పోటీల పేజీలో మగవాళ్ల మాత్రల ప్రకటనలెందుకు వస్తాయి గార్త్? జట్ల పేర్లు చూద్దామని పాస్టరు గారి భార్య తెరిచిందట. ఏం కనబడిందో ఫోన్లో చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు.”

“అవి నేను పెట్టానా?”

“నువ్వు పెట్టావని ఎవరన్నారు? నీకు అవసరం పడిందేమోనని మాత్రం ఇద్దరు ముగ్గురు అడిగారు.”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కాఫీ కప్పుల్లోకి నవ్వుకున్నారు. పెద్ద అద్దం అవతల ఇంకా ఒక కర్లింగ్ ఆట సాగుతోంది. మంచు మీద రాయి జారే గరగర, రాయీ రాయీ తగిలిన చప్పుడు సన్నగా వినిపిస్తున్నాయి. ఐలా హాపలా గోడవారన బెంచీ మీద కూర్చుని బూట్లు మార్చుకుంటోంది. ఒక కాలికి ఆట బూటు, ఒక కాలికి చలి బూటు ఉండగా ఆమె చెయ్యి ఆగిపోయింది.

దెబ్బలాడుతున్నది క్లబ్బు కార్యదర్శి డోరీన్ పావ్లుక్, ఆటస్థలం మంచును చూసుకునే గార్త్. గార్త్ ఎప్పుడో ఒకసారి ప్రింటర్ బాగుచేశాడు. ఆ పాపానికి క్లబ్బు వెబ్‌సైట్ కూడా అతని మెడకే చుట్టుకుంది. ఆ వెబ్‌సైట్ నడిచేది వుడ్‌షెడ్ అనే ప్రోగ్రాం మీద.

“ఏ పూట నొక్కావు గార్త్?” అని అడిగింది ఐలా.

“ఇదిగో, నువ్వు కూడా మొదలెట్టు.”

“నిన్ను అనడం లేదు. తెలుసుకుందామని.”

“బుధవారం మధ్యాహ్నం. ఆకుపచ్చ గీత వచ్చింది. ‘మీ వుడ్‌షెడ్ తాజాగా ఉంది’ అని కూడా వచ్చింది. ఫొటో తీసి ఉంచాల్సింది, ఈవిడ మొహాన పెట్టడానికి.”

ఐలా రెండో బూటు కూడా మార్చుకుని ఆఫీసు గదిలోకి వెళ్లింది. కంప్యూటర్ ముందు ఉన్న కుర్చీ మీద ఎవరిదో తడి కోటు ఆరేసి ఉంటే తీసి పక్కన పెట్టి కూర్చుంది. సభ్యులు పోటీల ఫొటోలు ఎక్కించే ఫోల్డరు తెరిచింది. మంచు ఊడ్చే ఆట చీపుళ్లు పట్టుకుని పళ్లికిలిస్తున్న మనుషుల ఫొటోల మధ్య ఒక ఫైలు తోక వేరేగా ఉంది. పేరు చివర ఉండే మూడు నాలుగు అక్షరాలే ఫైలుకి తోక. ఫొటోకి ఒక తోక, ప్రోగ్రాముకి ఒక తోక. ఫొటోల మధ్య ప్రోగ్రాం కూర్చుని ఉంది. తేదీ చూసింది. శనివారం. గార్త్ సవరణ నొక్కి తాళం వేసింది బుధవారం.

ఆ ఫైలు తీసేసింది. పాస్‌వర్డులు మార్చింది. ఫొటోల పేజీ మూసేసింది. తల ఎత్తితే గుమ్మంలో గార్త్ ఉన్నాడు.

“నాదేనా తప్పు?”

“కాదు.”

“ఆ ముక్క నువ్వే చెప్పు డోరీన్‌కి. నేను చెబితే అబద్ధం, నువ్వు చెబితే శాసనం.”

ఐలా బయటికి వచ్చి చెప్పింది. “గార్త్ సరిగ్గానే చేశాడు. లోపం ప్రోగ్రాములోనే ఉంది.”

“ఆ ప్రోగ్రాం రాసేవాళ్లు ఏ ఊళ్లో ఉంటారో గానీ, లాక్కొచ్చి ఈ మంచు మీద మేజోళ్లతో నిలబెట్టాలి,” అంది డోరీన్. “ఉండు, అప్పుడే వెళ్లకు. పర్షియన్ ఒకటి మిగిలింది, తీసుకో.”

గులాబీరంగు పూత వేసిన ఆ బన్నును డోరీన్ కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. ఐలా కాదనకుండా తీసుకుంది. కారు ఇంజను గడ్డకట్టకుండా గోడకి గుచ్చిన కరెంటు తీగ పీకి, చుట్టచుట్టి, ఇంటికి బయల్దేరింది. థండర్ బేలో ఫిబ్రవరి ఆదివారం. వీధుల్లో మనిషి లేడు.

బుధవారం నాటి సవరణ రాసింది ఐలాయే.

ఈ సంగతి క్లబ్బులో ఎవరికీ తెలియదు. దాచిందని కాదు. చాలా ఏళ్ల కిందట ఒకసారి డోరీన్‌కి చెప్పబోయింది. వుడ్‌షెడ్ అనేది ఎవరికీ సొంతం కాదని, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని, దాంట్లో దొంగలు కన్నం వేయగల చోట్లు బయటపడుతుంటే పూడ్చేవాళ్లు ఉంటారని, అందులో తనొకతెనని. డోరీన్ అంతా విని, “అంటే జీతం లేదా?” అంది. లేదంది ఐలా. డోరీన్ జాలిగా ఆమె భుజం తట్టి కాఫీ పోసింది. మాట అక్కడితో అయిపోయింది.

వుడ్‌షెడ్‌ని మొదట రాసినాయన విస్కాన్సిన్‌లో ఒక చిన్న లైబ్రరీలో పనిచేసేవాడు. కంప్యూటర్ మనిషిని పెట్టుకోలేని చోట్ల కూడా సొంత వెబ్‌సైట్ నడుపుకోవడానికి పనికొస్తుందని రాశాడు. టౌన్‌షిప్ ఆఫీసులు, చర్చిలు, స్కేటింగ్ క్లబ్బులు, శ్మశానాల కమిటీలు దాన్ని వాడుకున్నాయి. ఆయన తర్వాత వేరే పనిలోకి వెళ్లిపోయాడు. వెళ్తూ ఒక నియమం వదిలి వెళ్లాడు. ఒకరు రాసిన సవరణను ఇంకొకరు మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదవాలి. చదివి బాగుందనాలి. అనకపోతే అది బయటికి పోకూడదు. రాసినవాళ్ల కళ్లకి రాసినవాళ్ల తప్పు కనబడదు కాబట్టి.

ఇంకో నియమం ఎవరూ రాయలేదు గానీ అందరూ పాటించేదే. విడుదలయ్యే దాకా ఎవరితోనూ అనకూడదు. ఇక్కడ కన్నం ఉందని చెప్పడమంటే దొంగకి దారి చెప్పడమే. అందువల్ల ఏడాదికి కొన్నిసార్లు, వారం పది రోజులపాటు, ఐలా నోట్లో ఒక మాట పెట్టుకుని తిరుగుతుంది. వినిపెగ్ నుంచి చెల్లెలు ఫోన్ చేసి “ఏంటి విశేషాలు?” అంటుంది. “ఏమున్నాయి, చలి,” అంటుంది ఐలా. చెల్లెలు తన మనవల సంగతులు చెబుతుంది.

ఐలా తండ్రి రేవు దగ్గర ధాన్యం గోదాముల్లో పనిచేశాడు. ఆమె కూడా అదే గోదాముల ఆఫీసులో లెక్కలు రాయడంతో మొదలుపెట్టి, కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటి దగ్గరికి జరిగి, ఆఫీసు మూసేసిన ఏడు బయటికి వచ్చింది. అప్పటినుంచి ఊళ్లోవాళ్ల చిన్న చిన్న వెబ్‌సైట్లు చూసి పెడుతోంది. పెళ్లి ఒకటి అయింది, ఎక్కువకాలం నిలవలేదు. తల్లి పోయాక ఫిన్నిష్ వాళ్ల వీధిలో ఉన్న ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. శనివారం సాయంత్రం నేలమాళిగలో ఉన్న సౌనా, అంటే ఆవిరిస్నానం గది, వేడి చేసుకుంటుంది. పై మెట్టు మీద తల్లి కూర్చునేది, కింది మెట్టు మీద తను. ఇప్పటికీ కింది మెట్టు మీదే కూర్చుంటుంది.

వుడ్‌షెడ్‌లోకి ఆమె అనుకోకుండా వచ్చింది. ఒక చర్చి వెబ్‌సైట్ చూస్తుంటే లోపం ఒకటి కనబడితే సరిచేసి పంపింది. మెచ్చుకుంటారనుకుంది. తెల్లారేసరికి పేజీ నిండా తప్పులు పట్టిన జవాబు వచ్చింది. “ఈ పేరు చూస్తే లోపలేముందో ఎవరికి తెలుస్తుంది? మీ ఇంట్లో కుక్కని ‘జంతువా, ఇలా రా’ అని పిలుస్తారా?” అని ఉంది అందులో. కింద సంతకం ఆల్ఫే కోర్మియే. ఐలా ఏడ్చింది. తర్వాత అన్నీ దిద్ది మళ్లీ పంపింది. మళ్లీ తప్పులు వచ్చాయి, ఈసారి పేజీలో సగం. మూడోసారి పంపితే రెండే మాటలు వచ్చాయి. “చూశాను. బాగుంది.”

ఆల్ఫే న్యూ బ్రన్స్‌విక్‌లో, సముద్రపు ఒడ్డున బుక్‌టూష్ అనే ఊళ్లో ఉంటాడు. టెలిఫోన్ కంపెనీలో స్తంభాలెక్కి తీగలు కట్టిన మనిషి. ఐలాకంటే పదేళ్లు పైనే పెద్ద. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఫోన్లో మాట్లాడుకున్నది కూడా ఎప్పుడో ఒకసారి, సర్వరు పడిపోయినప్పుడు. మిగతాదంతా రాతే. మిగతావాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఒకరికి పెద్ద ఉద్యోగం వచ్చింది, ఇంకొకరికి కవలలు పుట్టారు. కన్నాలు పూడ్చడానికి చివరికి మిగిలింది వీళ్లిద్దరే. ఆమె రాస్తుంది, అతను చదువుతాడు. అతని వెక్కిరింతలకి ఐలా ఎంత అలవాటు పడిందంటే, రాస్తున్నప్పుడే ఆ గొంతు వినిపించి పేరు మార్చేది.

గత రెండు చలికాలాల నుంచి వెక్కిరింతలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. ఏది పంపినా “చూశాను. బాగుంది.” ఐలా ఆ సంగతి గమనించింది. ఇన్నాళ్లకి తన చేతికి పని వచ్చిందనుకుంది. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, మనసులో చిన్న గర్వం ఉండేది.

సోమవారం పొద్దున్న ఆమె తన సవరణను తెరపై పెట్టుకుని వేరేవాళ్లది చదివినట్టు చదవడానికి ప్రయత్నించింది.

ఫొటో ఎక్కించే చోట తోక చూసి, ఫొటో కానిదాన్ని వెనక్కి పంపేయాలని రాసింది. అది బాగానే పనిచేస్తోంది. కానీ ఎక్కించిన ఫొటోకి తర్వాత పేరు మార్చుకునే వీలు వుడ్‌షెడ్‌లో ఉంది. దొంగ తన ప్రోగ్రాముకి ఫొటో తోక తగిలించి లోపలికి పంపాడు. లోపలికి వెళ్లాక తోక మార్చాడు. అక్కడ అడిగేవాడు లేడు. ముందు తలుపుకి గడియ పెట్టి పక్క తలుపు తీసి ఉంచడమంటే ఇదే.

పేరు మార్చే భాగం వేరే ఫైల్లో ఎక్కడో లేదు. ఆమె మార్చిన వరుసల కిందే, అదే పేజీలో ఉంది. తనకి కనబడకపోవడం ఆమెకి ఆశ్చర్యం అనిపించలేదు. తన తప్పు తనకి కనబడదు, నియమం పెట్టిందే అందుకు. ఆల్ఫేకి ఎలా కనబడలేదు? కుక్కకి జంతువని పేరు పెడితే ఊరుకోని మనిషికి?

పాత సవరణలన్నీ వెనక్కి తిప్పి చూసింది. చూశాను, బాగుంది. చూశాను, బాగుంది. ఆల్ఫే చివరిసారి తప్పు పట్టింది రెండేళ్ల కిందటి శరత్కాలంలో. అది కూడా ఒక కామా గురించి.

మధ్యాహ్నానికి కొత్త సవరణ రాసింది. పేరు మార్చే చోట కూడా తోక చూసేలా చేసింది. పంపే ముందు ఆ వరుసల మధ్య, యంత్రం పట్టించుకోకుండా వదిలేసే విధంగా, మనిషి కోసం ఒక వాక్యం చేర్చింది. “ఆల్ఫే, ఇది చదివితే నాకు ఫోన్ చెయ్యి.” పెద్ద అక్షరాలతో రాసింది. రాసినందుకు తనే సిగ్గుపడింది. అయినా తీసేయలేదు.

పంపి వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టుకుంది. డికాక్షన్ ఇంకా దిగుతుండగానే జవాబు వచ్చింది.

“చూశాను. బాగుంది.”

ఐలా కాఫీ పోసుకోకుండానే నంబరు వెతికి ఫోన్ చేసింది.

“అల్లో.”

“ఆల్ఫే, నేను. ఐలాని.”

“తెలుస్తోంది. ఇంకెవరు చేస్తారు నాకు? అమ్మేవాళ్లు కూడా విసిగి మానేశారు. ఏంటి, సర్వరు మళ్లీ పడిపోయిందా?”

“లేదు. ఇందాక పంపింది చదివావా?”

“బాగుందన్నాను కదా.”

“పేరు మార్చే చోట ఏం రాశానో చెప్పు.”

అవతల రేడియో ఫ్రెంచిలో ఏదో చెబుతోంది. అది ఆగిపోయింది.

“నాకు పరీక్షలు పెడుతున్నావా పిల్లా?”

“ఫోన్ చెయ్యమని రాశాను. పెద్ద అక్షరాలతో. నీ పేరు పెట్టి.”

“ఆఁ,” అన్నాడు ఆల్ఫే. “మరి నువ్వే చేశావు కదా. పని అయింది.”

“ఎంతకాలమైంది ఆల్ఫే?”

“ఏది?”

“చదవడం మానేసి.”

“మానేయలేదు. మానేయడం వేరు, చేతకాకపోవడం వేరు.” కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినబడింది. “కళ్లు పోతున్నాయి. పూర్తిగా కాదు, నడిమధ్య మాత్రమే. అంచులు దివ్యంగా ఉన్నాయి. నువ్వు ఎదురుగా కూర్చున్నావనుకో, నీ చెవులు రెండూ కనబడతాయి, నీ మొహం కనబడదు. అక్షరం కేసి చూస్తే అక్షరం పోతుంది. పక్కకి చూస్తే వస్తుంది. తిరిగి చూస్తే పోతుంది. ఆడుకుంటుంది నాతో.”

“డాక్టరు?”

“సూదులు వేశాడు. కంట్లో. ఆ సంగతి అడక్కు, నువ్వు భోజనం చేసి ఉంటావు.”

“పైకి చదివి వినిపించే ప్రోగ్రాములున్నాయి కదా.”

“ఉంది. పెట్టుకున్నాను. మామూలు ఉత్తరాలైతే బానే చదువుతుంది. నువ్వు రాసేవి పెడితే ‘బ్రాకెట్, బ్రాకెట్, చుక్క, చుక్క, బ్రాకెట్’ అంటుంది. మా ఫాదరు గారి జపమాల నయం. మొదటి పేజీ కాకముందే కునుకొచ్చేది. మొదట్లో లేచి మళ్లీ పెట్టుకునేవాణ్ణి. తర్వాత...”

“నాకు చెప్పాల్సింది,” అంది ఐలా.

“చెబితే ఏం చేసేదానివి?”

“ఇంకొకళ్లని వెతికేదాన్ని.”

“దొరికేవాళ్లా?”

సాయం రమ్మని ఇద్దరూ కలిసి ఎన్నోసార్లు పిలిచారు. ఆరెగాన్ నుంచి ఒకతను వచ్చి, ఒక వేసవి ఉండి, వెళ్లిపోయాడు.

“అదీ సంగతి. దొరికేవాళ్లు కాదు. దొరక్కపోతే నువ్వు ఆపేసేదానివి. నిన్ను ఎరగనా? నియమమంటే నీకు నియమమే. మీ లూథరన్ చర్చి వాళ్లంతా అంతే.” నవ్వబోయి మానేశాడు. “పొద్దున్నే లేచి చూస్తే నీ దగ్గర్నుంచి ఏదో ఒకటి వచ్చి ఉండేది. అది వచ్చిందని యంత్రం చెప్పాకే కాఫీ పెట్టుకునేవాణ్ణి. అందులో తప్పులుంటాయని అనుకోలేదు ఐలా. నీ పని బాగుంటుంది.”

“నువ్వు తప్పులు పట్టడం మానేశావని నేను కూడా అదే అనుకున్నాను.”

“ఏమని?”

“నాకు పని వచ్చేసిందని.”

“వచ్చేసే ఉండొచ్చు.”

“రాలేదు. మా క్లబ్బు సైట్లో మాత్రల ప్రకటనలు వచ్చాయి.”

“ఏ మాత్రలు?”

ఆమె చెప్పింది. ఆల్ఫే ఒకసారి దగ్గాడు. “బుద్ధిలేని పని చేశాను,” అన్నాడు.

కొత్త సవరణ ఎప్పటిలాగే బుధవారం విడుదల కావాలి. క్లబ్బులాంటివి ఇంకెన్ని ఉన్నాయో, ఎన్నిటిలోకి దొంగ అప్పటికే వెళ్లాడో తెలియదు. కానీ రెండో మనిషి చదవలేదు. ఈ మాట ఐలా అనకముందే ఆల్ఫే అన్నాడు.

“రేపు నువ్వు చదువు, నేను వింటాను. నీ గొంతుకి నిద్రపోనని మాటిస్తున్నాను.”

మంగళవారం ఉదయం ఐలా వంటింటి బల్ల మీద ఫోను పెట్టి స్పీకరు వేసి చదవడం మొదలుపెట్టింది. బ్రాకెట్లు చదవలేదు. ఇక్కడ ఇది అడుగుతున్నాను, అవునంటే ఇటు, కాదంటే అటు, అని మనిషికి దారి చెప్పినట్టు చెబుతూ వెళ్లింది. ఆల్ఫే “ఊఁ, ఊఁ” అంటున్నాడు. ఒకచోట ఆపాడు.

“ఆగు. ఏం పేరు పెట్టావు దానికి?”

“‘సరుకు.’”

“ఏ సరుకు? పప్పా, ఉప్పా?”

“ఫొటో ఫైలు.”

“అయితే ఫొటో ఫైలు అనడానికి నోరు నొప్పా?”

ఐలా పేరు మార్చింది. రెండేళ్ల తర్వాత మార్చిన మొదటి పేరు అది. కిటికీ అవతల ఎదురింటాయన మంచు తోసే యంత్రం నడుపుతున్నాడు. ఆ మోత ఆగే దాకా ఇద్దరూ ఆగారు. మోత ఆగాక ఆమె మళ్లీ మొదలుపెట్టింది. గొంతు తడారితే నీళ్లు తాగింది. ఇంత సేపు పైకి మాట్లాడి ఎంత కాలమైందో ఆమెకి గుర్తులేదు.

“ఎక్కించే చోట తోక చూస్తున్నాను,” అని చదివింది. “పేరు మార్చే చోట తోక చూస్తున్నాను. ఆ తర్వాత ఆల్బం అంతా ఒకే మూటగా ఎక్కిస్తే, మూట తోక చూసి, మూట విప్పి...”

ఆగిపోయింది. మూట తోక మూటదే. విప్పాక లోపలివాటి తోకలు ఎవరు చూస్తున్నారు? వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. ఎవరూ చూడడం లేదు.

“ఏమైంది?” అన్నాడు ఆల్ఫే.

“ఇక్కడ కూడా తెరిచే ఉంది. మూట కట్టి పంపితే లోపలికి ఏదైనా వెళ్లిపోతుంది.”

“చూశావా,” అన్నాడు ఆల్ఫే. గొంతు ఒక్కసారి కుర్రవాడిదైంది. “చూశావా మరి. ఇలా చేస్తే అయిపోలా? రోజూ పొద్దున్న చెయ్యి. నువ్వు చదువు, నేను వింటాను. నాకు పనేముంది?”

తనకి కావలసింది అదేనని ఐలాకి అనిపించింది. రోజూ పొద్దున్న ఈ బల్ల, ఈ ఫోను, అవతల ఊఁ కొట్టే మనిషి.

“ఆల్ఫే, నేను ఆగకముందు ఆ మూట సంగతి నీకు తట్టిందా?”

“నువ్వే ఆగావు కదా.”

“నేను ఆగకపోతే?”

“లేదు,” అన్నాడు ఆల్ఫే. “మూట దగ్గరికి వచ్చేసరికి ముందు చదివింది తలలో లేదు. కళ్లతో చదివితే వెనక్కి వెళ్లొచ్చు. చెవులతో వెనక్కి వెళ్లలేకపోతున్నాను. ఇంకో అబద్ధం చెప్పొచ్చు, కానీ ఇప్పటికే చాలా చెప్పేశాను.”

మూట విప్పే చోట కూడా తోక చూసేలా ఆమె రాసింది. ఆ వరుసలు రెండుసార్లు చదివి వినిపించింది. “బాగుంది” అనబోయి ఆల్ఫే ఆగి, “విన్నాను,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఐలా ఆ రెండు చలికాలాల్లో తను పంపిన పాత సవరణలు ఒక్కొక్కటే తెరిచింది. ఒకదాన్ని ఖాళీ వంటింట్లో పైకి చదివింది. తప్పు వినబడలేదు. తప్పు లేక వినబడలేదో, తనదే కాబట్టి వినబడలేదో తేల్చుకోలేకపోయింది. రెండోదాన్ని సగం దాకా చదివి ఆపేసింది. వాటన్నిటి కిందా ఇద్దరు మనుషులు చూశారని రాసి ఉంది. ఆ మాట నమ్మి గార్త్‌లాంటి వాళ్లు పని మధ్యలో ఆపి వచ్చి నొక్కారు. ఆకుపచ్చ గీత చూసి తిరిగి పనికి వెళ్లిపోయారు.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది.

“ఏంటి విశేషాలు?”

“గొంతు పోయింది కొద్దిగా.”

“జలుబా?”

“కాదు. చదివాను.”

“ఎవరికి?”

“ఒక స్నేహితుడికి. కళ్లు కనబడవు.”

“అయ్యో. ఏం పుస్తకం?”

“పుస్తకం కాదులే,” అంది ఐలా. చెల్లెలు ఇంకేమైనా అడుగుతుందేమోనని ఆగింది. చెల్లెలి ఇంట్లో ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. “మళ్లీ చేస్తానే,” అని ఆమె పెట్టేసింది.

బుధవారం మధ్యాహ్నం విడుదలకు ముందు ఐలా ప్రకటన రాసింది. ఎప్పుడూ ఒకే పద్ధతిలో ఉంటుంది అది. లోపం ఏమిటి, ఏం చేయాలి, ఎవరు చూశారు. మూడోదాని దగ్గర చాలాసేపు పట్టింది. రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది. తర్వాత ఆల్ఫేకి ఫోన్ చేసింది.

“పంపేశావా?” అన్నాడతను.

“ఇంకా లేదు. నువ్వు విన్నాక పంపుదామని.”

“చదువు. ఇది మామూలు భాషే కదా, బ్రాకెట్లు లేవు కదా.”

“లేవు.”

లోపం గురించి చదివింది. శనివారం నుంచి దొంగలు ఈ దారిన వస్తున్నారని, ఫొటోల ఫోల్డర్లు వెతుక్కోవాలని, సవరణ వెంటనే నొక్కాలని, పోయిన బుధవారం నాటి పాత సవరణ చాలదని చదివింది. ఆల్ఫే ఒకచోట ఒక మాట మార్చమన్నాడు. మార్చింది.

“నా పేరు ఎక్కడ పెట్టావు?”

“పెట్టలేదు.”

“పెట్టు. చూడలేదని రాయి. నాకేం నామోషీ లేదు.”

“అవసరం లేదు ఆల్ఫే. చివరి పేరా ఉంది, విను.”

“వింటున్నాను.”

ఐలా ఫోను దగ్గరికి జరిగి, మెల్లగా, బ్రాకెట్లు లేని వాక్యాలు చదివే గొంతుతోనే చదివింది.

“దీనితో సహా గత రెండేళ్ల సవరణలను రాసిన ఒక్కరే చూశారు. వాటిని ఇద్దరు చూశారని మేము రాసింది నిజం కాదు. రెండో మనిషి చదవని సవరణను ఇక మీదట మేము విడుదల చేయం. రెండో మనిషి లేరు. కాబట్టి వుడ్‌షెడ్‌కి ఇదే చివరి సవరణ. మీ వెబ్‌సైట్లను వేరే చోటికి మార్చుకోండి. ఎలా మార్చుకోవాలో కింద రాశాం. మార్చుకోవడంలో ఇబ్బంది ఉంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి. ఐలా హాపలా, థండర్ బే.”